ఎడమ చేయి, కుడి చేయి

2023లో, అమెరికాలో, హెర్న్‌డన్‌లోని మా ఇంటి బేస్‌మెంట్‌లో జాకెట్ల షాపు నడుపుతూ, నా జీవితంలోకెల్లా గొప్ప బేరం చేశాను. గుంటూరులో మగ్గం వర్క్ చేసే నాగమణి జాకెట్ చేతుల జతకు పన్నెండు వందల రూపాయలు అడిగితే ఎనిమిది వందలకు దించాను. బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని; అడిగిన ధర ఇచ్చి వస్తే మా నాన్న ఆ పూట అన్నం పెట్టనిచ్చేవారు కాదు.

మాది పీస్ రేట్ పద్ధతి: చేసిన ముక్కకే కూలి, ఎన్ని రోజులు పట్టిందో అడగం. అడగకపోవడంలోనే సుఖముంది. దసరా సేల్‌కి పన్నెండు జాకెట్లు ఇరవై నాలుగు రోజుల్లో కావాలన్నాను. చెప్పిన రోజుకే పంపింది.

పార్సిల్ విప్పితే ప్రతి జాకెట్‌కీ ఎడమ చేతి పూలు బిగువుగా, కుడి చేతి పూలు వదులుగా ఉన్నాయి. ఇంకో వంద తగ్గించే దారి దొరికిందని సంబరంగా వీడియో కాల్ చేశాను.

“ఏంటి నాగమణీ, ఎడమ చేయి ఒకలా, కుడి చేయి ఒకలా ఉంది?”

“ఉండదాండీ మేడంగారూ! ఎడమ చేయి నాది, కుడి చేయి మా ఆడబిడ్డది.”

వెనక నుంచి ఆడబిడ్డ నవ్వింది. “మిరపకాయల తొడిమలు తీసిన చేతులండీ. ఆ మంటతో సూది గట్టిగా పట్టుకోగలిగితే ఒట్టు!”

ఆరా తీస్తే, జతకు నాలుగు రోజుల పని. నాగమణి ఒక్కతే కూర్చుంటే నలభై ఎనిమిది రోజులు. గడువు దాటితే అమెరికా ఆర్డరు పోతుందని, మిర్చి పనిలో రోజుకు మూడు వందల యాభై తెచ్చుకునే ఆడబిడ్డని మాన్పించి మగ్గం ముందు కూర్చోబెట్టింది. నా రేటుకి ఆ మనిషికి దక్కేది రోజుకు రెండు వందలు.

“నువ్వడిగిన పన్నెండు వందలైనా మిర్చి కూలి కన్నా తక్కువే కదే!”

“ఇంటిపట్టున చేసే పనికి అంతకన్నా ఎవరిస్తారండీ? అడిగితే మీరు ఫోన్ పెట్టేసేవాళ్లు.”

పెట్టేసేదాన్నే.

ఆమె ఫోన్ పట్టుకుని గుమ్మం బయటికి వచ్చింది. గొంతు తగ్గించింది. “కుడి చేతికి డబ్బులు కోస్తారాండీ? కోస్తే నా వాటాలో కోయండి. దానికి తెలియనివ్వకండి.”

ధర అడిగే ముందు రోజులు అడగాలని అప్పుడు తెలిసింది. ఇక అసలు బిల్లు. రోజుకు మూడు వందల యాభై చొప్పున జతకు పధ్నాలుగు వందలు, పన్నెండు జతలకు పదహారు వేల ఎనిమిది వందలు. ముందు ఒప్పుకున్న తొమ్మిది వేల ఆరు వందలకు ఏడు వేల రెండు వందలు కలిపి పంపాను. అప్పటికీ నాలుగు రోజుల సూది పనికి వాళ్లకు ముట్టింది పదిహేడు డాలర్లు. ఖర్చులన్నీ పోను జాకెట్‌కు నాకు మిగిలింది ముప్పై అయిదు.