ఆర్లీన్ చేతులు

రాష్ట్ర ప్రభుత్వం వాళ్లు ఆర్లీన్ మసాజ్ లైసెన్సు లాగేసుకున్నారని, డబ్బులేసి బట్టలు ఉతుక్కునే మా వీధి లాండ్రీలో చెప్పుకుంటారు. "ఊరికే తీసేస్తారేంటి? ఏదో పాడుపని చేసే ఉంటుంది," అని లాండ్రీ చూసుకునే టామీ అనే ఆవిడ దుప్పట్లు మడతపెడుతూ కన్ను గీటుతుంది. ఆర్లీన్ వింటూనే తన బట్టలు మడతపెట్టుకుంటుంది. గోళ్లు ఇప్పటికీ మసాజ్ చేసేవాళ్లలాగే చర్మం దాకా కత్తిరించుకుంటుంది, ఉంగరాలు పెట్టుకోదు. ఎవరు ఎదురుపడినా ఆమె కళ్లు ముందు వాళ్ల భుజాల మీదికే పోతాయి. మొన్న డేటన్ ఊరి దాకా లారీ తోలే ముసలి వెండెల్, మెడ తిప్పలేక లాండ్రీలో ఆమె పక్కన కూలబడ్డాడు. "ఈ ఒక్కసారికి నొక్కవే తల్లీ, ఎవరికీ చెప్పన్లే," అని బతిమాలాడు. "లైసెన్సు లేకుండా ముట్టుకుంటే జైల్లో వేస్తారయ్యా. అక్కడ నీకంటే అందగాళ్లుంటారు, ఇక బయటికి రాను మరి," అని ఆర్లీన్ అతన్ని నవ్వించింది. అతను మెడ పట్టుకుని వెళ్లిపోయాక చేతులు రెండూ కోటు జేబుల్లో దాచుకుంది. బట్టలు ఆరబెట్టే డ్రయ్యరు ఆగిపోయినా చాలాసేపు లేవలేదు.

నిజానికి ఆర్లీన్ లైసెన్సు ఇంకా చెల్లుతుంది. దాన్ని నిలుపుకోవడానికి తీసుకోవాల్సిన శిక్షణకు ఈ ఏడాది కూడా వెళ్లింది. అక్కడ జంటలుగా సాధన చేయమన్న ప్రతిసారీ మసాజ్ చేయించుకోవడానికి తానే బల్ల మీద పడుకుంది. క్యాన్సర్ మందులు ఎక్కించినప్పటి నుంచి ఆమె వేళ్లకు స్పర్శ తెలియడం లేదు.