చేని కొట్టం నుంచి ఇంట్లోకి

అవి యాభైల ఆఖరి రోజులు. క్షయ అని తేలిన రోజునే నన్ను మా చేని కొట్టానికి పంపేశారు. ఎవర్నీ అనే పని లేదు. కోడుమూరు పక్క ఏ ఇంట్లోనైనా అదే రివాజు. నాకో గిన్నె, నాకో చెంబు, నాకో ఈతచాప. మా అత్త సంగటి తెచ్చి గట్టు మీద పెట్టి దూరం జరిగితే, నేను పోయి తీసుకోవాలి. నా బిడ్డను మాత్రం తేకూడదు. దానికప్పటికి నడక కూడా రాలేదు. పాలు కట్టిపోయి రొమ్ములు సలుపుతుంటే గోడకు తల ఆనించుకుని ఏడ్చేదాన్ని. జబ్బుకు ఎన్నడూ అంత ఏడవలేదు.

మా ఆయన కర్నూలు నుంచి మాత్రలు, చేదు పొడి పొట్లాలు తెచ్చేవాడు. ఆ పాడు పొడి గొంతు దిగేది కాదు, కడుపులో దేవేది. "మింగు, బిడ్డ కోసమన్నా మింగు" అనేవాడు గట్టు అవతల నిలబడి. ఆ మాటకు మింగేదాన్ని. నెలలు గడిచేకొద్దీ దగ్గు తగ్గింది, ఒంటికి కాస్త కండ పట్టింది. అయినా ఇంటికి రమ్మని ఒక్కరూ అనలేదు. నోరుగలదాన్నే గానీ, ఏ మొహంతో అడగను? బిడ్డకు అంటుకుంటేనో?

కఫం పరీక్షకని కర్నూలు పోయాం, నేనూ మా ఆయనా మా అత్తా. డాక్టరు చూసి, "పురుగుల్లేవమ్మా, ఇంక ఇంటికి పో" అన్నాడు. బల్ల మీద డాక్టర్లకొచ్చే పత్రిక ఒకటి విప్పి ఉంది. దాని మీద చెయ్యి పెట్టి చెప్పాడు. "మద్రాసులో పరీక్ష చేసి చూసినారు. కొందర్ని ఆస్పత్రిలో పెట్టి, కొందర్ని వాళ్ల ఇండ్లల్లోనే ఉంచి ఒకే మందు ఇచ్చినారు. ఇరుకిండ్లల్లో ఉన్నోళ్లకూ అట్లే నయమైంది. వాళ్ల ఇంట్లోవాళ్లకు ముప్పేమీ ఎక్కువ కాలేదు. మందు సరిగ్గా తింటే చాలు, మనిషిని దూరం పెట్టే పని లేదు."

నాకు సంతోషం రాలేదు. ఒళ్లు మండిపోయింది.

"అయితే యాడాదిగా నేను బిడ్డ మొహం చూడకుండా ఉండింది ఉత్తదేనా సార్?"

"మాకప్పుడు తెలీదమ్మా" అన్నాడాయన. ఇంకేమని తిట్టేది?

బస్సులో మా అత్త కొడుకుతో గొణుగుతూనే ఉంది. "రాసినోళ్లకేమప్పా, బిడ్డ మనది గదా."

ఇల్లు చేరేసరికి బిడ్డ వసారాలో పక్కింటామె దగ్గర ఆడుకుంటోంది. ఎంత ఎదిగిందో నా తల్లి! చేతులు చాపాను. అది నన్ను చూసి కెవ్వుమని, "బూచీ!" అంటూ పరుగెత్తి అత్త కోక కుచ్చెళ్లలో దూరింది.

అత్త మొహం నల్లబడింది. "నేనే చెప్తినే. చేని పక్క యాడ పరిగెత్తుతాదో అని, ఆడ బూచి ఉండాది, మింగుతాది అని చెప్తిని. ఇంకేం చేసేది?"

జబ్బు మానింది గానీ బిడ్డ పోయిందనుకున్నాను. అక్కడే కూలబడ్డాను.

పొద్దుగూకే వేళ అత్త సంగటి పెట్టింది. నా గిన్నె ఇంకా వేరేగానే ఉంది. రెండు ముద్దలు తిని గిన్నె పక్కకు నెట్టాను. అత్త దాని వంక చాలాసేపు చూసింది. కన్న కొడుకు ఎంగిలి కూడా ముట్టని మనిషి ఆమె. బిడ్డను చంకనేసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. డాక్టరు మాట ఆమె నమ్మలేదు, మొహం చూస్తేనే తెలుస్తోంది. అయినా నేను తుంచి వదిలిన ముద్దలోంచే ఇంత తీసి నోట్లో పెట్టుకుంది.

"సూడే. బూచి కాదు, మీయమ్మ" అంది మింగుతూ.

బిడ్డ ఆమె నోటి వంక చూసింది. నా వంక చూసింది. తర్వాత నా గిన్నెలో చెయ్యి పెట్టింది.