గొంగడి మీద ఫోను

మా అక్క అల్లుడు పైసల గురించి మాట్లాడటం మొదలుపెడితే నా పెనం మీద దోసె మాడాల్సిందే. వికారాబాద్ బస్టాండు పక్కన నాకొక చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. అతను తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజరు. హైదరాబాద్‌లో పనిపడినప్పుడల్లా ఇక్కడ దిగి, నా చేతి ఇడ్లీ తిని, మళ్ళీ బస్సెక్కుతాడు. మంచివాడు. మా అక్క బిడ్డను కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాడు. నేను తిట్టేది ప్రేమతోనే అని తెలిసి ఇంకా రెచ్చగొడతాడు.

ఈ మధ్య అతనికి క్రిప్టో పట్టుకుంది. జీతంలో కొంత తీసి ఆ నాణేలు కొంటాడు. నాణెం అంటాడు గానీ చేతిలో పట్టుకునేది కాదు, ఫోన్లో కనిపించే అంకె.

"చిన్నత్తమ్మా, రాసిపెట్టుకో. జర కొన్నేండ్లు పోతే నోటు అన్నదే కానరాదు. చాయ్‌కు గదే, బస్సు టికెట్టుకు గదే, ఆఖరికి గొర్రెకు గూడ గదే."

"అబ్బో! అయితే ఇయ్యాల నా ఇడ్లీకి గదే ఇయ్యి, జూస్త" అన్నాను.

ఇడ్లీ ధర కన్నా ఆ నాణెం పంపే ఖర్చే ఎక్కువవుతుందట. పైగా తీసుకోవడానికి నాకూ ఒక ఖాతా ఉండాలట. దానికో రహస్య మాటల వరుస ఉంటుంది, మరిచిపోతే అంతే సంగతులట. టిఫిన్ తింటున్న వాళ్ళంతా చెయ్యి ఆపి వింటున్నారు. చివరికి అతను గోడమీది క్యూఆర్ బొమ్మను ఫోన్‌తో స్కాన్ చేసి మామూలు రూపాయలే వేశాడు.

"గదీ ఫోనే, గిదీ ఫోనే. ఫరకేముంది?" అని ఒకాయన అడిగాడు.

"గిది బ్యాంకుది. బ్యాంకు ఆపితే ఆగుతది, సర్కారు వద్దంటే వద్దు. గదాన్ని ఎవ్వడూ ఆపలేడు."

"నీ పైసల్ని ఎవడాపుతుండు రా నాయినా!" అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వి బస్సెక్కాడు.

ఈ ముచ్చట ఇంతటితో పోయేదే. కానీ అప్పుడే మా అక్క మోకాళ్ళు పూర్తిగా మొండికేశాయి.

అక్కది తాండూరు అవతల, కర్ణాటక అంచున ఉన్న ఊరు. బావ పోయాక కూడా జీవాలను వదల్లేదు. జీవాలంటే మా దగ్గర గొర్రెలు, మేకలు. పొద్దున్నే గొంగడి భుజాన వేసుకుని మంద వెనుక నడవడం, సాయంత్రానికి దొడ్డికి తోలడం, ఇదే ఆమె బతుకంతా. పోయిన ఎండాకాలం వచ్చేసరికి, గొర్రె చేలో పడితే కేక వేయడమే తప్ప లేచి ఉరకలేని స్థితికి వచ్చింది. నేనే బలవంతాన వికారాబాద్ తీసుకొచ్చి డాక్టరుకు చూపించాను. రెండూ అరిగిపోయాయి, ముందు కుడి మోకాలికి ఆపరేషన్ చేయాలి అన్నాడు. తారీఖు ఇచ్చాడు. ఆ ఖర్చు రావాలంటే మంద మొత్తం అమ్మాల్సిందే.

"అమ్ముత. గని కోతకు ఇయ్య. సాదుకునేటోళ్ళకే ఇస్త" అంది అక్క.

కోతకైతే తాండూరు అంగట్లో నిమిషంలో కొనేస్తారు. పెంచుకునేవాళ్ళు దొరకడమే కష్టం. ఎట్లాగో కర్ణాటక వైపు నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఒక్కో గొర్రె పళ్ళు చూసి, వీపు నిమిరి, ధర మాట్లాడుకుని, ఇరవై వేలు బయానా, అంటే అడ్వాన్సు, ఇచ్చాడు. పదిహేను రోజుల్లో బండి తెచ్చి తోలుకుపోతానన్నాడు.

బయానా విషయంలో మా ఇళ్ళల్లో ఒక పట్టింపు ఉంది. జీవాలు దొడ్డి దాటేదాకా బయానాను ముట్టరు. తోలుకుపోయే రోజు గొంగడి పరిచి, ముందు బయానా పెట్టి, దాని మీద మిగతా సొమ్ము పెడతారు. ఇద్దరూ గొంగడిని తాకి కళ్ళకద్దుకున్నాకే మొదటి గొర్రె కదలాలి. బయానా తరిగితే ఆ జీవాలు కొన్నవాడికి కలిసిరావని నమ్మకం. అలాంటి బేరాన్ని కాపరులెవరూ ముట్టుకోరు.

ఆపరేషన్‌కు ముందు పరీక్షల కోసం అక్క నా దగ్గరికి రావాలి. ఒంటరి ఇంట్లో అంత సొమ్ము ఎట్లా వదిలేది? అల్లుడి చేతికిచ్చింది.

"అత్తమ్మా, నా ఫోన్ల పెట్టాల్నా? మంచిగ పెరుగుతది" అన్నాడతను.

"దొంగ భయం ఉండదా?"

"ఉండదు."

"ఎలుకలు?"

"ఎలుకలెక్కడివత్తమ్మా!"

"అయితే పెట్టు."

నేను పక్కనే ఉన్నాను. నా ఒళ్ళు మండింది. "ఇడ్లీ కొనరాని పైసతోని నీ మోకాలు బాగైతదా అక్కా? నోట్లు నాకియ్యి, నా బీరువల పెడ్త" అని అరిచాను. అక్క నా వైపు చూసి నెమ్మదిగా, "అల్లుని ముందట గట్ల అంటరా?" అంది. నేను లేచి బయటికి పోయాను.

మొదట్లో అది పెరిగింది. రోజూ ఫోన్ చేసేవాడు. ఇరవై రెండయింది, ఇరవై మూడయింది అని. అక్క సంతోషపడకపోగా పరేషాన్ అయింది. "ఆయన ఇచ్చింది ఇరవయ్యే గద, ఎక్కువది ఎవ్వరిది?" అని నన్ను అడిగింది. నాకేం తెలుసు?

తరువాత పడటం మొదలైంది. అప్పుడు నా టిఫిన్ సెంటర్లో పప్పు రుబ్బుతున్నాం, అక్క స్టూలు మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది. అతని ఫోను వచ్చింది.

"అత్తమ్మా, పడుతున్నది. పద్దెనిమిదికొచ్చింది. ఇప్పుడే తీసేసి నోట్లు చేసేద్దునా?"

అక్క కత్తి పక్కన పెట్టింది. "వద్దు వద్దు! బయానాను విడగొట్టొద్దు. ముట్టొద్దు. ఎట్లున్నది అట్లనే ఉండనీ."

పెద్ద నోటును చిల్లర చేయడంలాంటిదే అది కూడా అనుకుంది మా అక్క. అతను రెండుసార్లు అడిగాడు. ఆమె రెండుసార్లూ అదే మాట. అత్తమాట జవదాటని అల్లుడు, చేతులు కట్టుకుని దాన్ని పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. కొడుకైతే "నీకు తెల్వదు ఊకో" అని అమ్మేసేవాడు. ఇతను అల్లుడైపోయాడు, ఏం చేస్తాం.

తోలుకుపోయే రోజు నేనూ వెళ్ళాను. దొడ్డి ముందు అక్క నల్ల గొంగడి పరిచింది. కాపరి బండి దిగి, వెంట వచ్చిన వాళ్ళతో కన్నడంలో ఏదో చెప్పి, కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. నడుముకు కట్టిన గుడ్డ మడతలు విప్పి నోట్ల కట్టలు తీశాడు.

"బయానా పెట్టక్కా" అన్నాడు.

అల్లుడు ముందుకొచ్చి గొంగడి నడుమ తన ఫోను పెట్టాడు.

కాపరి దానివైపు చూశాడు. ఎవరిదో ఫోను మరిచిపోయి పెట్టారనుకున్నట్టున్నాడు, తీసి పక్కన పెట్టబోయాడు.

"గదే బయానా" అంది అక్క.

"గిదేందక్కా! ఇందుల ఎంతుంది?"

అబద్ధమాడితే ఎవరికీ తెలిసేది కాదు. నేను మనసులో వెయ్యి దండాలు పెట్టుకున్నాను, ఇరవై అనరా నాయినా అని. అతను తల దించుకుని, "పద్నాలుగు వేలున్నది ఇప్పుడు" అన్నాడు.

కాపరి లేచి నిలబడ్డాడు. "బయానా తరిగింది. నేను తోలుకపోనక్కా. నాకు ఇంటికాడ పిల్లలున్నరు, జీవాల మీదనే బతుకుతున్న" అన్నాడు. కోపంగా కాదు, బాధగానే అన్నాడు. నోట్ల కట్టలు మళ్ళీ మడతల్లోకి పోతున్నాయి. అక్క ఆపరేషన్ కూడా అందులోనే పోతున్నట్టు నాకనిపించింది. ఆ తారీఖు పోతే మళ్ళీ వానలు పడతాయి, బురదలో ఆమె ఎట్లా నడుస్తుంది? తాండూరు అంగట్లో కోతకు అమ్ముకోవాల్సిందేనా? అల్లుడిని పట్టుకుని నాలుగు దులుపుదామని నోరు తెరిచాను.

అక్క చేయెత్తింది. "కూసో తమ్మీ. పద్నాలుగు గీ ఫోన్ల ఉన్నయి గద. నువ్వు నాకియ్యాల్సిన దాంట్ల నుంచి ఆరు వేలు ఇటు పెట్టు."

కాపరి అర్థంకాక పెట్టాడు. అక్క ఆ ఆరు వేలూ తీసి ఫోను పక్కన పేర్చింది. "ఇప్పుడు ఇరవై అయినయా? నిండింది గద బయానా? ఇగ మిగిలినయి దాని మీద పెట్టు. నువ్వేం తక్కువ ఇయ్యలే, నేనేం తక్కువ పెట్టలే. పోయినయి నాయి."

అతను ఫోను పక్కనున్న నోట్లు ఒకసారి లెక్క చూసుకున్నాడు. తరువాత వంగి గొంగడిని తాకి కళ్ళకద్దుకున్నాడు. మొదటి గొర్రె దొడ్డి దాటింది. అక్క ఒక్కో దాని వీపు మీద చెయ్యి వేసి పంపింది, ఏడుస్తూనే పంపింది. అల్లుడు ఫోను తీసుకోవడానికి కూడా వంగలేదు. నేనే తీసి అతని జేబులో పెట్టాను.

ఆపరేషన్ అనుకున్న రోజునే అయింది. ఫోన్లోని పద్నాలుగు వేలు అల్లుడు అప్పుడే నోట్లు చేసి ఇచ్చాడు, తక్కువపడ్డ ఆరు వేలు నా గల్లాపెట్టెలోంచి కట్టాను. నాలుగో రోజు మధ్యాహ్నం వార్డులో అక్కకు జావ తాగిస్తుంటే అల్లుడు వచ్చాడు. సేటు దగ్గర జీతం అడ్వాన్సు తీసుకుని ఆరు వేలూ నోట్లుగా తెచ్చాడు. అక్క వద్దనలేదు. "ఇటియ్యి" అని తీసుకుని దిండు కింద పెట్టుకుంది.

నాకు మాత్రం ఇన్నాళ్ళూ ఆపుకున్నది పొంగుకొచ్చింది. "ఇప్పుడన్న బుద్ధి వచ్చిందా? ఏమున్నదని గదాని ఎంట వడ్డవ్?"

అతను మంచం అంచున కూర్చున్నాడు. "మా నాయిన బండలు కోసి దాసిన పైసలు చిన్నత్తమ్మా. ఇంటికి స్లాబు వేద్దామని దాసిండు. నోట్లు రద్దయిన ఏడు ఆయనకు పక్షవాతమొచ్చి నోటి మాట పోయింది. ఎక్కడ పెట్టిండో చెప్పలేకపాయె. ఆయన పోయినంక అటక మీద డబ్బల దొరికినయ్. బ్యాంకుకు తీస్కపోతే గడువు అయిపోయిందన్నరు. చెయ్యి చూపిచ్చి చూపిచ్చి పైకి చూస్తుండె మా నాయిన, మాకు తెల్వకపాయె. గందుకే, ఎవ్వరూ రద్దు చెయ్యరాని పైస ఒక్కటన్న ఉండాల్నని..."

నాకు ఏడుపొచ్చింది. అతను అప్పుడప్పుడూ నా టిఫిన్ సెంటర్లో మాట్లాడిందంతా ఆ డబ్బా ముందు నిలబడి మాట్లాడిందే. మేమేమో పగలబడి నవ్వాం.

అక్క అతని చెయ్యి పట్టుకుంది. "మీ నాయినకు అయ్యింది అన్యాయమే కొడుకా. ఎవ్వరేం చెప్పినా అది తీరదు" అంది. తరువాత అడిగింది, "గది పడ్డ దినాలల్ల నీకు నిద్రవట్టిందా?"

"లేదత్తమ్మా. లేచి లేచి చూసుకుంట ఉంటి."

"మరి పెరిగిన దినాలల్ల?"

అతను ఆలోచించి, "అప్పుడు గూడ పట్టలే" అన్నాడు.

అక్క నవ్వింది. కాలు కదిలి కుట్లు లాగితే అబ్బా అంది, మళ్ళీ నవ్వింది. "అయితే గది పైస గాదు అల్లుడా, గది మంద. ఒక ఏడు మస్తు ఈనుతయి, ఒక ఏడు రోగమొచ్చి సగం పోతయి. వానొచ్చినా లేవాలె, కుక్క మొరిగినా లేవాలె. పైసంటే కొంగున కట్టుకొని ఫికర్ లేకుండ పండుకునేది. ఉప్పు కొననీకి ఎవరన్న మందను తోలుకపోతరా?"

అతను జేబులోంచి ఫోను తీశాడు. "అయితే నా జీతంతోని కొన్నయి గూడ అమ్మేయాల్నా అత్తమ్మా?"

అక్క కట్టు కట్టిన తన కాలు వైపు చూసుకుంది.

"నువ్వెందుకు అమ్ముతవ్? నాకు ఉరుకరాక మందను అమ్మిన. నీ మోకాళ్ళు మంచిగనే ఉన్నయి గద."