క్లేటన్‌లో వన్స్‌మోర్

నాటకం చూడడం తెలిసినవాణ్ణని నలుగురిలో చెప్పుకు తిరగడం నా జీవితంలో చేసిన మూర్ఖపు పనుల్లో పెద్దది. మిగతావి ఇంట్లోవాళ్ళకే తెలుసు. ఇది మాత్రం అచ్చయింది. మొన్న ఆదివారం ఈ కంగారూల దేశంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా ఇంటి వెనక కాఫీ తాగుతూ కూర్చుంటే, యూనివర్సిటీలో డ్రామా చదువుతున్న మా అమ్మాయి తన పాఠ్యపుస్తకంలో ఒక నాటకం తెరిచి నా ఒళ్ళో పెట్టి, "నాన్నా, దిస్ ఇడియట్ హాజ్ యువర్ నేమ్" అంది. చూశాను. పేరే కాదు, ఊరూ నాదే. వాడు అరిచిన అరుపూ నాదే. కాఫీ చల్లారేదాకా అదే పేజీ చదువుతూ కూర్చున్నాను.

ఆ నాటకం రాసినామె ఇప్పుడు అమెరికాలో పేరున్న రచయిత్రి. ఎనభైల చివర్లో మాత్రం, ఈ దేశంలోనే, క్లేటన్‌లో మా అద్దింట్లో వెనక గది ఆమెది. పాలస్తీనా వాళ్ళమ్మాయి, పుట్టి పెరిగింది అమెరికాలో, రంగస్థలం చదువుకోవడానికి మా యూనికి వచ్చింది. వాళ్ళ నాన్న ఒక్క ఏడాది గడువిచ్చాడట. ఆలోపు నాటకం ఎక్కడైనా నిలబడిందా సరే, లేదంటే తిరిగొచ్చి తన కొట్లో కూర్చోవాలి. మిగతా గదుల్లో ఉన్నది మేం ముగ్గురం తెలుగువాళ్ళం. నేను పరిశోధన చేస్తున్నాననేవాణ్ణి. నిజానికి పరిశోధనే నన్ను శోధిస్తూ ఉండేది. అంచేత తీరికెక్కువ. వంటింట్లో ఆమెకి మా తెనాలి వైపు పద్యనాటకాల గొప్ప చెప్పేవాణ్ణి. జనం వన్స్‌మోర్ అంటే చచ్చి పడున్న రాజు కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడని చెబితే ఆమె ఉల్లిపాయలు తరగడం ఆపింది.

"శవం లేస్తే జనం నవ్వరా?"

"నవ్వరు. రెండోసారి ఇంకా బాగా ఏడుస్తారు."

ఏడాది ముగుస్తుండగా ఒక శనివారం మధ్యాహ్నం యూనిలో చిన్న హాల్లో ఆమె నాటకం పడింది. నగరంలోని పెద్ద నాటకశాల నుంచి ఒకాయన చూడ్డానికొచ్చాడు. ఆయనకి నచ్చితే నాటకశాల, నచ్చకపోతే కొట్టు. "నువ్వు ముందు వరుసలో కూర్చో, నీకు తెలుసుగా" అంది నాతో. పక్కన మా ఇంట్లోకెల్లా పెద్దాయన, గోదావరి వైపు మనిషి, మేం అన్నగారూ అని పిలిచేవాళ్ళం, ఆయనా కూర్చున్నారు.

నటించింది ఆమె ఒక్కతే, నాయనమ్మ వేషంలో. ఆ ముసలావిడ ఎప్పుడో విడిచి రావలసి వచ్చిన తన వీధిని, సొంత గుమ్మం నుంచి మొదలుపెట్టి ఇల్లిల్లూ చెప్పుకుంటూ నడుస్తుంది. ఇది రొట్టెలు కాల్చేవాళ్ళిల్లు, ఇది మంత్రసానిది, ఇక్కడ నిమ్మచెట్టు, దాని కింద ఎప్పుడూ ఒక పిల్లి. వీధి చివరికొచ్చి ఆగుతుంది. ఇప్పుడక్కడ ఇళ్ళూ లేవు, వీధీ లేదు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో, నన్నడక్కుండానే నాలోంచి "వన్స్‌మోర్" అని కేకొచ్చింది.

తలలన్నీ నా వైపు తిరిగాయి. నాటకశాల ఆయన కళ్ళద్దాలు తీసి మరీ చూశాడు. అన్నగారు నా మోచేయి గట్టిగా పట్టుకుని, "ఏంటయ్యా బాబూ, ఆ పిల్ల కొంప ముంచేశావు. ఇదేమన్నా మన చవితి పందిరనుకున్నావా?" అని గొణిగారు. నా రంగప్రవేశం రసభంగంతోనే జరిగింది.

వేదిక మీద ఆమె మెల్లగా వెనక్కి తిరిగి, వీధి చివర్నుంచి మొదలుపెట్టింది. పిల్లి, నిమ్మచెట్టు, మంత్రసాని, రొట్టెలవాళ్ళు. మొదటిసారి ముసలావిడ వీధి వదిలి వెళ్ళిపోయింది, ఇప్పుడు ఇంటికొస్తోంది. గుమ్మం దగ్గర ఆగి చెప్పులు విడిచింది. ఆమె రాసుకున్నదాంట్లో అది లేదు. ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. అది నేనేనని అన్నగారు తర్వాత చెప్పారు.

బయటికొచ్చాక, "నిన్ను చంపేద్దామనుకున్నాను" అంది ఆమె. నాటకశాల ఆయన మా మధ్యకొచ్చి, "ఆ రెండోది ఉంచు. ఆ అరిచే మనిషిని కూడా" అన్నాడు.

ఆమె కొట్లో కూర్చోలేదు. నాటకం పెద్ద నాటకశాలకెక్కి, పక్క రాష్ట్రంలో పారమట్టా దాకా పోయి, తొంభైల మొదట్లో ఆమెతోపాటు అమెరికా చేరింది. సిగ్గుతో నేనెప్పుడూ మళ్ళీ చూడలేదు. అందుకే ఊరూరా ముందు వరుసలో ఒక నటుడు కూర్చుని నా పేరుతో అరుస్తున్నాడని మొన్నటిదాకా తెలియలేదు. పాత్రల జాబితాలో నా పేరుకెదురుగా "అమాయకుడు, గొంతు పెద్దది" అని ఉంది.

"ఆర్ యూ యాంగ్రీ? యూ కెన్ ఈమెయిల్ హర్" అంది అమ్మాయి.

"ఈమెయిలెందుకమ్మా, నేనూ రాస్తాను" అన్నాను.

ఆమె నన్నడక్కుండా తన నాటకంలో పెట్టుకుంది; నేనూ ఆమెనడక్కుండా ఇందులో పెట్టాను, ఆమె చదవలేని లిపిలో. ఆమె నా పేరు దేశమంతా వినిపించింది. నేను ఆమె పేరు ఒక్కచోటా రాయలేదు. ఇంతటి కక్ష తీర్చుకున్నాక కూడా మనసులో వేడి పుట్టలేదు. కోపం తెచ్చుకోగల వయసులో సంగతి తెలియలేదు. తెలిసేసరికి ఆ వయసు దాటిపోయింది.