ఊదారంగు సిరా చీటీ

ఐదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. బరువు అనగానే గుండెల మీద బండరాయిని ఊహించుకోకండి. అరచేతిలో సగం కూడా లేని కాగితం ముక్క అది. తూకం వేస్తే ముల్లు కదలదు. అసలది ఇప్పుడు నా దగ్గర లేదు కూడా. దాన్ని నేను మూడు అపార్ట్‌మెంట్లు, రెండు ఉద్యోగాలు, వీడియో కాల్‌లో జరిగిన ఒక పెళ్ళిచూపులు దాటించి ఇక్కడిదాకా మోసుకొచ్చాను. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్ళ ముందు మొదలుపెడితే మధ్యలో జోకు వేసి లేచిపోతానని నాకు తెలుసు. ఇక్కడా వేస్తానేమో. దయచేసి నవ్వకండి.

2009లో నా ఎమ్మెస్ అయిపోయింది. ఆ ఏడాది ఎవడికీ ఉద్యోగాలు లేవు. చదువయ్యాక ఉద్యోగం లేకుండా తొంభై రోజులకు మించి ఈ దేశంలో ఉండకూడదు. నావి అప్పటికే డెబ్భై దాటాయి. మా రూమ్మేటు శీను చట్టాలు చదవడు గానీ చట్టాల్లో సందులన్నీ వాడికి తెలుసు. "రేయ్, జీతం లేకపోయినా పని పనేరా. మన చదువుకి సంబంధం ఉన్న పని ఎక్కడైనా వారానికి ఇరవై గంటలు వాలంటీర్‌గా చెయ్. నీ మీటర్ ఆగిపోద్ది," అన్నాడు.

ప్రజాసేవలోకి నేను అలా దిగాను.

కెంట్ అనే ఊళ్ళో ఒక లాండ్రీ పక్కన రెండు గదుల సెంటర్ అది. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఇథియోపియా, ఎరిత్రియా, సోమాలియా నుంచి వచ్చిన కుటుంబాలు ఉండేవి. వాళ్ళ పిల్లలు బడి అయ్యాక అక్కడికి వచ్చేవారు. పాత కంప్యూటర్లు బాగుచేయడం, వెబ్‌సైట్ చూసుకోవడం నా పని. సెంటర్ నడిపే డెనీస్ అనే పెద్దావిడ రెండో వారంలో నా వయసు అడిగింది. ఇరవై నాలుగు అన్నాను. "మా లెక్కలో కుర్రతనం ఇరవై నాలుగుతో ఆఖరు. తలుపు మూసేలోపు దూరావు," అని నవ్వి, శనివారం క్లాసు కూడా నాకు అంటగట్టింది.

క్లాసు అంటే ఈడువాళ్ళే ఈడువాళ్ళకి చెప్పుకునే పాఠం. పెద్దవాళ్ళు గదిలో ఉండరు. పదహారు నుంచి పంతొమ్మిదేళ్ళ వాళ్ళు పదిహేను మంది దాకా వచ్చేవారు. హెచ్ఐవీ ఎలా వస్తుంది, ఎలా రాదు, పరీక్ష ఎక్కడ చేయించుకోవాలి, వద్దు అనడం ఎలా, ఇవన్నీ. నాతో కలిసి చెప్పే అమ్మాయి పేరు సెలాం. పద్దెనిమిదేళ్ళు. వాళ్ళది ఇథియోపియా. నర్సింగ్‌లో చేరాలని చూస్తోంది. ఆ గదిలో నిజమైన టీచర్ తనే. నేను నవ్వించేవాణ్ణి. నేను నవ్వించగానే వాళ్ళ భుజాలు వదులయ్యేవి, అప్పుడు తను చెప్పాల్సింది చెప్పేది. చూసినవాళ్ళు మంచి జోడీ అనేవారు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. నోటితో అడగలేని ప్రశ్నని చీటీ మీద రాసి, తలుపు దగ్గరున్న చెప్పుల డబ్బాలో వేయాలి. పేరు రాయక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం మా ఇద్దరిలో ఒకరు డబ్బా తెరిచి, ప్రశ్నలన్నీ సొంత చేతిరాతతో కార్డుల మీదికి ఎక్కించి, అసలు చీటీలని అక్కడికక్కడే చింపేయాలి. చేతిరాతని బట్టి ఎవరూ ఎవరినీ పోల్చుకోకూడదని. ఒక వారం నా వంతు, ఒక వారం సెలాం వంతు. ఈ నియమాలన్నీ గోడకి అంటించి ఉండేవి. ఆ పోస్టర్ రాసింది సెలామే, ఊదారంగు సిరాతో. సెంటర్‌లో ప్రతి పోస్టరూ ఆ సిరాతోనే ఉండేది.

నేను చీటీలు చింపేవాణ్ణి కాదు.

ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను, ప్రతిసారీ కొంచెం మంచి జవాబు తయారుచేసుకున్నాను. చదువుకోవడానికి దాచాను. పాఠం మెరుగుపరచడానికి దాచాను. అబద్ధం. వాటిలో నవ్వొచ్చేవి ఉండేవి. ఈత కొలనులో దిగితే కడుపు వస్తుందా లాంటివి. శుక్రవారం అవి జాకెట్ జేబులో వేసుకుని అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్ళి, భోజనాల దగ్గర శీనుకీ మిగతా ఇద్దరికీ నటించి చదివేవాణ్ణి. ఉద్యోగం లేదు, ఇంటర్వ్యూల్లేవు. ఆ పూట నలుగురిలో నా మాటకి విలువ ఉండేది. పదిహేను మంది నమ్మి మడిచి ఇచ్చిన కాగితాలు నాకు వారానికోసారి చప్పట్లు తెచ్చిపెట్టేవి. అంతే. ఇంతకంటే లోతైన కారణం దొరికితే నేనే సంతోషిస్తాను.

నా వంతు వచ్చిన ఒక శుక్రవారం డబ్బాలో ఊదారంగు చీటీ ఉంది. నాలుగు మడతలు. దానిలో ఇలా ఉంది: "మా అమ్మ రోజూ ఆ మందులు వేసుకుంటుంది. మేమందరం ఆమె వండిందే తింటాం. తినడం వల్ల రాదని ప్రతి శనివారం నేనే అందరికీ చెబుతాను. మరి నాకెందుకు భయం వేస్తుంది?"

రంగు మార్చి రాయాలని కూడా తనకి తోచలేదు. తోచాల్సిన అవసరం ఏముంది? చూసేది నేనొక్కణ్ణే, చూడగానే చింపుతాను, గోడ మీద తనే రాసిపెట్టింది. నా వంతు వచ్చేదాకా ఆగి వేసిందని కూడా ఇప్పుడు అర్థమవుతోంది. నేను వాళ్ళవాణ్ణి కాను. వాళ్ళ చర్చికి రాను, వాళ్ళ అమ్మలెవరూ నాకు తెలియదు. ఆ గదిలో నేను పరాయివాణ్ణి కావడమే తనకి ధైర్యం.

ఆ ప్రశ్నని కార్డు మీదికి ఎక్కించలేదు. నవ్వొచ్చే ప్రశ్న కాదు. జవాబు కూడా నా దగ్గర లేదు. మిగతావాటితో పాటు జేబులో వేసుకున్నాను. దాన్ని మాత్రం మావాళ్ళకి చదివి వినిపించలేదు. ఇది నా గొప్పతనంగా చెప్పుకుందామని చాలా కాలం ప్రయత్నించాను. చదివితే నవ్వరు కదా, అందుకే చదవలేదు.

మర్నాడు శనివారం. పాఠం అయ్యాక అందరం కలిసి తినడం అలవాటు. సెలాం వాళ్ళమ్మ చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ ఇంజెరా చేసి ఇచ్చేది. పిండి పులియబెట్టి పోసే వెడల్పాటి అట్టు అది. మా సెంటర్‌కి ఊరికే తెచ్చేది. ఒకటే పెద్ద పళ్ళెం, దాని మీద పప్పు, కూరలు, చుట్టూ కూర్చుని అందరూ ఒకే పళ్ళెంలో తినడం. మొదటి వారం నాకు ఎంగిలి అని చెయ్యి ముందుకు రాలేదు. నాలుగో వారానికి పళ్ళెం అంచు దాకా నాదే. నచ్చినవాళ్ళకి ముద్ద చుట్టి నోట్లో పెట్టడం వాళ్ళలో మర్యాద, దాన్ని గుర్షా అంటారు. ఆవిడ ప్రతివారం నాకో ముద్ద పెట్టేది. సన్నగా ఉన్నానని ముద్ద పెద్దది చేసేది.

ఆ శనివారం కూడా చుట్టింది. నా నోటి దగ్గరికి తెచ్చింది.

అరగంట క్రితమే నేను బోర్డు మీద రాశాను, కలిసి తింటే రాదు, ఒకే పళ్ళెంలో తిన్నా రాదు అని. పిల్లలందరి చేతా చెప్పించాను. క్విజ్‌లో అందరికీ పూర్తి మార్కులు వచ్చాయి. నా చెయ్యి నాకంటే ముందే లేచి నోటికి అడ్డం వెళ్ళింది. "ఇవాళ శనివారం. మేం ఒక్క పొద్దు ఉంటాం, రాత్రికే తింటాం," అన్నాను. సెలాం వాళ్ళమ్మకి వాళ్ళ భాషలో చెప్పింది. అంతకుముందు ఏడు శనివారాలు వాళ్ళ కళ్ళముందే తిన్నాను. ఆవిడ అది ఎత్తలేదు. వాళ్ళకీ ఉపవాసాలు ఎక్కువే. కుర్రాడికి భక్తి కుదిరిందనుకుందో ఏమో, ముద్ద పళ్ళెంలో పెట్టేసి, చెయ్యి తుడుచుకుని, నా తల నిమిరింది.

సెలాం నన్నే చూస్తోంది. తన ప్రశ్న ఆ రోజు క్లాసులో రాలేదు. ఎదురుచూసే ఉంటుంది. జవాబు రాకపోతేనేం, జవాబు ఎదురుగా కూర్చుని ఉపవాసం ఉంది.

నేను ఒళ్ళంతా వేడెక్కి జాకెట్ విప్పి వంటగదిలో కుర్చీకి తగిలించాను. వెళ్ళేటప్పుడు లాగి తొడుక్కున్నాను. చీటీ అక్కడే జారిపడి ఉండాలి. ఆ సాయంత్రం జేబు వెతికాను. ఈత కొలను ఉంది. ఊదారంగుది లేదు.

పిల్లలని తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక తల్లికి అది దొరికింది. ఆమె డెనీస్‌కి ఇచ్చింది, కానీ మూడు రోజుల తర్వాత. ఈలోపు అది ఎన్ని ఇళ్ళు తిరిగిందో నాకు తెలియదు. ఊదారంగు సిరా ఎవరిదో చెప్పడానికి పోలీసులు అక్కర్లేదు, గోడలన్నీ ఆ సిరాయే.

డెనీస్ నన్ను గదిలోకి పిలిచి, చీటీ బల్ల మీద పెట్టి, నువ్వు అన్నీ చింపుతావు కదా అని అడిగింది. నిందించినట్టు కూడా కాదు, లాంఛనంగా. నా వాలంటీర్ గంటల కాగితాల మీద సంతకం పెట్టేది ఆవిడే. ఆ సంతకాలు ఆగితే నా మీటర్ మళ్ళీ తిరుగుతుంది. ఇది సాకు కాదు. ఆ క్షణంలో నేను వీసా గురించి ఆలోచించానో, పరువు గురించి ఆలోచించానో నిజంగా నాకు తెలియదు. ఆలోచించే ఉంటానని మాత్రం తెలుసు. ప్రతివారం చింపుతానని చెప్పాను. ఇది డబ్బాలోకి రానే లేదని చెప్పాను. పాపం, వేయబోయి ఎక్కడో జారవిడుచుకుని ఉంటుందని కూడా చెప్పాను. ఆ 'పాపం' అన్నది నేనే.

డెనీస్ నమ్మింది. చీటీని నా ముందే చిన్న చిన్న ముక్కలుగా చింపింది.

రెండు వారాల తర్వాత బస్టాపులో సెలాం నా పక్కన కూర్చుంది. మధ్యాహ్నం, చినుకులు. వాళ్ళమ్మ దగ్గర ఇంజెరా తీసుకునేవాళ్ళు ఒక్కొక్కరే మానేస్తున్నారని అప్పటికే అందరికీ తెలుసు. కారణం ఎవరూ చెప్పరు. మా ఇంట్లోనే పోసుకుంటున్నాం అంటారు. ఆ ఇళ్ళ పిల్లలందరికీ నా క్విజ్‌లో పూర్తి మార్కులు. తను ఇంగ్లీషులోనే మాట్లాడింది, నాకు మాత్రం తెలుగులోనే గుర్తుంది.

"నిజం చెప్పు. ఆ వారం డబ్బాలో నాది ఉందా?"

"నీదని నాకెలా తెలుస్తుంది?"

"నేను ఏ పెన్నుతో రాస్తానో నీకు తెలుసు."

"ఊదారంగు అయితే గుర్తుండేది. నేను దాచుకునేవి ఉద్యోగం లేదు పొమ్మన్న ఉత్తరాలు ఒక్కటే. మిగతావన్నీ చింపేస్తాను."

నవ్వింది. ఆ పరిస్థితిలో కూడా తనని నవ్వించగలిగాను. నా ప్రతిభ అలాంటిది.

"అయితే నేను వెయ్యలేదన్నమాట," అంది. "వేసినట్టే గుర్తు. మడత విడిపోకుండా గోటితో గీసి మరీ వేసినట్టు."

"పరీక్షలు కదా. తల తిరుగుతూ ఉంటుంది."

"అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది." బస్సు కనిపించగానే లేచింది. "వచ్చేవారం నుంచి రానని డెనీస్‌కి చెప్పేశాను. సొంత చీటీ జారవిడుచుకున్నదాని చేతికి పిల్లలు వాళ్ళ చీటీలు ఎలా ఇస్తారు? ఇక నువ్వే చూసుకో. నువ్వైతే జాగ్రత్తగా ఉంటావు."

బస్సు ఎక్కింది. అది నేను ఎక్కాల్సిన బస్సు కూడా. ఎక్కలేదు.

ఎండాకాలం వచ్చేలోపు వాళ్ళు వేరే ఊరు వెళ్ళిపోయారు. ఏ ఊరో అడిగితే డెనీస్ చెప్పేది. నేను అడగలేదు. నాకు ఉద్యోగం వచ్చింది. డెనీస్ రాసిచ్చిన ఉత్తరంలో, ఇతను పిల్లల రహస్యాలని తనవిగా కాపాడాడు అని ఒక వాక్యం ఉంది. ఇంటర్వ్యూలో దాని గురించే అడిగారు. చక్కగా చెప్పాను.

ఇప్పుడు రెడ్‌మండ్‌లో పనిచేస్తున్నాను. మొన్న మా టీమ్‌లో ఎవరెవరు ఏమేం సేవ చేశారో చెప్పమన్నారు. నేను గుర్షా కథ చెప్పాను. సన్నగా ఉన్నానని ముద్ద పెద్దది చేసే ఆవిడ, నోట్లో పట్టక నేను పడే అవస్థ. గదంతా నవ్వారు. ఏడో శనివారం దగ్గర ఆపేశాను. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, వాళ్ళతో ఇంకా మాట్లాడుతుంటావా అని అడిగింది. అదృష్టవశాత్తూ మీటింగ్ టైమ్ అయిపోయింది.

ఇదంతా రాస్తే తేలికవుతుందనుకున్నాను. ఒక వీసమెత్తు అయిందేమో. అది కూడా నాకు దక్కాల్సింది కాదు. నిజానికి ఈ మాటలు మీకు కాదు, సెలాంకి చెప్పాలి. తను ఎక్కడో ఏదో ఆసుపత్రిలో రోగి కాగితాలు ఒకటికి నాలుగుసార్లు లెక్కపెట్టుకుంటూ, తన చేతుల్ని తనే నమ్మకుండా ఉందేమో. ఆ బస్టాపులో నాలుగు మాటలు చాలేవి. అప్పుడు జోకు వచ్చింది, ఇవి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నీది డబ్బాలో ఉంది. గోటితో గీసిన మడత కూడా ఉంది. నేనే తీశాను, చదివాను. చింపలేదు.