బుడగలు ఆగేదాకా

మొన్న తిరుపతిలో కారు రేడియేటరు పైపు మార్పించడానికి షెడ్డుకు పోతే, వేడెక్కిన కూలెంటు వాసన గుప్పున కొట్టింది. అడుగంటుతున్న బెల్లం పాకం లాంటి ఆ తియ్యటి వాసన నన్ను ఐరాల దగ్గరి మా చెరకు తోటకు, కళ్లం పక్కన వేపచెట్టు నీడలో నిలిచి ఉండే మా తెల్ల కారు దగ్గరికి ఎత్తుకుపోయింది.

తొంభైల్లో మా నాయన మోజుపడి కొన్న పాత కారు అది. బెల్లం వండే రోజుల్లో పాకం ఆవిరి, ఎండాకాలం వెనక సీట్లో వేసుకొచ్చిన మామిడికాయల సొన, వానలకు తడిసిన సీట్ల ముక్క వాసన, అన్నీ దాంట్లో ఇంకిపోయి కళ్లు మూసుకున్నా మా కారేనని తెలిసిపోయేది. నేనూ తమ్ముడూ దాంట్లోనే చెనక్కాయలు ఒలుచుకు తిని పొట్టంతా సీటు కింద దాచేవాళ్లం, కదలని కారును కొండెక్కించి దించేవాళ్లం. కానీ మా ఇంట్లో చెల్లేది నాయన తల్లి, మా అవ్వ మాట. కారు దోవలో ఆగిపోయినప్పుడల్లా బస్సెక్కాల్సి వచ్చిన అవ్వకు అదంటే ఒళ్లు మంట.

ఒక ఎండాకాలం చంద్రగిరిలో ఉన్న తన చెల్లెలింటికి భోజనానికి బయల్దేరుతూ అవ్వ తేల్చి చెప్పేసింది.

"రేయ్, ఈ తూరి గూడా ఇది దోవలో నిలిచిపోయిందంటే రేపే అమ్మేయాల. ఒప్పుకుంటేనే నేనెక్కేది."

నాయన తలూపాడు. మా ఇద్దరి గుండెల్లో రాయి పడింది.

తల్లి ఎక్కే బండిలో తుప్పునీళ్లు ఉండకూడదని నాయన ముందురోజే రేడియేటరు ఖాళీ చేసి, మడికి నీళ్లు కట్టే మోటరు పైపునే దాని నోట్లో పెట్టి, జోరుగా నింపి మూత బిగించేశాడు. బానెట్టుకు పసుపు, కుంకుమ కూడా పెట్టాడు. పూతలపట్టు దాటామో లేదో, ఆ కుంకుమ పక్కనుంచే ఆవిరి బుసకొట్టింది. నాయన చింతచెట్ల కింద కారు ఆపాడు. తమ్ముడు ఏడుపు లంకించుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, కానీ పెద్దదాన్ని కదా అని బిగపట్టుకున్నాను.

అవ్వ దిగి, నడుముకు కొంగు చెక్కింది. "నీళ్లు యెట్ల పోసినావురా?"

"మోటరు పైపు పెట్టి నింపేసినా మా."

అవ్వ పకపకా నవ్వింది. "ఇంగేముండాది, లోపల గాలి పట్టుకోని నీళ్లు తిరగకుండా ఉంటాది. బాయికాడ మోటరుకు గాలి పడితే చెంబుతో నిదానంగా పోస్తాము గదా, దీనికి మాత్రం యేం తొందర?"

ఇంజను చల్లారేదాకా, చెల్లెలి కోసం అవ్వ మూటగట్టిన ఓళిగలు, అవే బొబ్బట్లు, నేతి వేళ్లతో మేమే తినేశాం. తర్వాత అందరం కలిసి కారును గట్టు మీదికి, ముక్కు పైకుండేలా తోశాం. నాయన గోనెపట్టతో మూత తీసి, ఇంజను స్టార్టు చేసి, పాలు పిండినట్టు రబ్బరు పైపును నొక్కుతుంటే అవ్వ తన మంచినీళ్ల చెంబుతో సన్నగా ధార పోసింది. మా పని నీళ్లలోకి తొంగి చూసి అరవడం. "బుడగ!" అని నేను, "ఇంగోటి!" అని వాడు. దారిన పోయే బస్సులోంచి జనం మమ్మల్ని వింతగా చూశారు. చివరికి బుడగలు ఆగి నీళ్లు నిలకడగా నిలిచాయి, మూత బిగించి బయల్దేరాం. చంద్రగిరి కోట కనబడగానే మేం వేసిన కేకలకు అవ్వ చెవులు మూసుకుంది.

భోజనాలయ్యాక నాయనే తల వంచుకుని అన్నాడు. "మాట మాటే మా. రేపు బేరం పెడతా."

అవ్వ వక్కాకు నములుతూ కసిరింది. "యాడ అమ్మేది? దీనికి నీళ్లు పోసేది ఇంగెవురికి తెలుసు? నోరు మూసుకోని నడుపు!"

ఆ పూట నాకు కలిగినంత సంతోషం తర్వాత ఏ కారు కొన్నప్పుడూ కలగలేదు. అప్పట్నుంచి అవ్వ చెంబు డిక్కీలోనే ఉండేది, నీళ్లు మార్చినప్పుడల్లా ఆమె చెయ్యి పడాల్సిందే.

ఇప్పుడా కారు లేదు, బెల్లం పొయ్యి లేదు, అవ్వా లేదు. షెడ్డులో మెకానిక్కు రేడియేటరుకు పెద్ద గరాటా బిగించి, పచ్చటి కూలెంటు పోసి, ఇంజను స్టార్టు చేశాడు. కాసేపటికి అడుగునుంచి ఒకటి మెల్లగా పైకొచ్చింది.

"బుడగ!" అని అరిచేశాను.

షెడ్డంతా నావైపు తిరిగింది. మెకానిక్కు నవ్వి, పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. "ఇంగా ఉండాయి మేడం, సూడండి."