దువ్వెన బాబాయి వాగొడ్డు

మా బాబాయికి దువ్వెన అని పేరు పెట్టింది ఊళ్ళోవాళ్ళు. ఆయన పొలం ఎప్పుడు చూసినా అప్పుడే తల దువ్వుకున్నట్టు ఉండేది. ఉల్లి సాళ్ళు తాడు పట్టి గీసినంత సూటి. మడిలో కలుపు మొక్క కంటపడితే, తాగుతున్న టీ గ్లాసు గట్టు మీద పెట్టి, దాన్ని పీకి వచ్చాకే మిగతాది తాగేవాడు.

అలాంటి మనిషి వాగు పక్క నేలను గడ్డికి వదిలేశాడంటే ఎవరూ నమ్మలేదు. కారణం లేకపోలేదు. ఏటా వరదకి ఒడ్డు విరిగి రెండు మూడు సాళ్ళు నీళ్ళపాలవుతున్నాయి. ఒడ్డు వెంట దున్నకుండా, కోయకుండా గడ్డి పెరగనిస్తే ప్రభుత్వం ఏటా కొంత సొమ్ము ఇచ్చే పథకం వచ్చింది. పిన్ని పక్కన కూర్చుని మరీ సంతకం పెట్టించింది. ఆ డబ్బుతో బావికి కొత్త మోటారు బిగించాలని ఆమె ఆశ. పాతది మొరాయించినప్పుడల్లా నారుమడికి బిందెలతో నీళ్ళు మోసేది ఆమే మరి.

ఆ ఏడాదంతా బాబాయి వాగువైపు చూడకుండా నడిచాడు. పక్క పొలం రైతు ఆయనకు వరసకి బావమరిది. గట్టు మీద నిలబడి, "ఏం బావా, దువ్వడం మానేసి గడ్డం పెంచుతున్నావట?" అనేవాడు. బాబాయి నవ్వేవాడు గాని, ఆ పూట ముద్ద సరిగ్గా దిగేది కాదు.

గడ్డి మోకాలెత్తు పెరిగిందో లేదో చూడడానికి ఆఫీసరమ్మ వస్తోందని కబురు వచ్చింది. ఆ వారం నేనూ అక్కడే ఉన్నాను. ఆమె వచ్చే రోజు పొద్దున్నే పిన్ని గది ఊడుస్తోంది. బాబాయి కనిపించలేదు. అనుమానం వచ్చి ఇద్దరం వాగు దగ్గరికి పరుగెత్తాం. అప్పటికే సగం ఒడ్డు నున్నగా గొరిగి ఉంది. కోసిన గడ్డిని సమానంగా కట్టలు కట్టి వరసగా పేర్చాడు కూడా.

పిన్ని కొడవలి లాక్కుని నీళ్ళ తొట్టిలో పడేసింది. ఆమె మొహం చూశాక గాని తను చేసిన పనేమిటో బాబాయికి తెలిసి రాలేదు.

బావమరిది వచ్చి ఉపాయం చెప్పాడు. "నా ఆవులు పడి మేశాయని చెప్పు బావా. వాటికేమన్నా జీతం కోస్తారా?"

ఆఫీసరమ్మ అంగుళాల గుర్తులున్న కర్రతో వచ్చింది. గడ్డి ఉన్నచోట గుచ్చి రాసుకుంది. నున్నటి చోటికి వచ్చి ఆగి, కట్టల వైపు చూసింది. బావమరిది దగ్గాడు. బాబాయి అటు తిరగలేదు.

"నేనే కోశానమ్మా. మీరు చూడ్డానికి వస్తున్నారు కదా, చిందరవందరగా ఉంటే ఏం మర్యాదని."

ఆమె నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు రాసింది. చివరికి, కోసిన సగానికి ఈ ఏడు సొమ్ము రాదనీ, వేళ్ళు చెక్కుచెదరలేదు కాబట్టి పథకంలో ఉండొచ్చనీ చెప్పింది. ఆవులు మేశాయంటే కంచె వేయనందుకు పేరే కొట్టేయాల్సి వచ్చేదట. బావమరిది తన కాలిగోరు పరీక్షించుకోవడం మొదలుపెట్టాడు.

వెళ్ళబోతుంటే బాబాయి మెల్లిగా అడిగాడు. "అంచు వరకైనా..."

"మేం పాతిన హద్దు కర్రలకి ఇవతల మీ ఇష్టం. కావలసినంత దువ్వుకోండి." ఆ మాట ఆమె చెవిన ఎవరు వేశారో గాని, పిన్ని మాత్రం ఆకాశం చూస్తోంది.

సగం సొమ్ముకి కొత్త మోటారు రాలేదు. పాతదానికే కొత్త వైండింగ్ చేయించారు. బిందెలు అటకెక్కాయి. ఆ వానల్లో వాగు పొంగింది గాని ఒక్క సాలూ పోలేదు. ఒడ్డు మీద గడ్డి గాలికి ఎటుపడితే అటు ఊగేది. దాని పక్కన, హద్దు కర్రల వెంట, జానెడు వెడల్పున బాబాయి తీసిన బాట మాత్రం పాపిట తీసినంత సూటిగా ఉండేది.

ఆ తర్వాత ఏటా పూర్తి సొమ్మే వచ్చింది. తనిఖీ కబురు రాగానే కొడవలి పిన్ని మంచం కిందకి చేరేది.